బొట్టు పెట్టిన కొస

సముద్రం అడుగున ఉన్న బురదకి జ్ఞాపకం ఉంటుందని అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. దానికి చెవులు కూడా ఉన్నాయని అని, అన్నందుకు పదిమందిలో నవ్వులపాలై, నవ్వినవాళ్ళ చేతనే చివరికి ఔననిపించుకున్నది మాత్రం భానోజీ మాస్టారొక్కరే.

ఆయన చెప్పిన సంగతి చిన్నది. మంచు కరిగి వెనక్కి తగ్గే చోట, ఎముకలు కొరికే చల్లటి నీళ్ళలో, ఒక్కో మట్టిరేణువు నేలకు దిగేటప్పుడు ఆ నీళ్ళలో ఉన్న వణుకును తనలో బిగబట్టుకుంటుంది. దాని మీద ఇంకో పొర పడుతుంది, దాని మీద మరొకటి. వేల ఏళ్ళు గడిచినా ఆ బిగువు సడలదు. దాన్ని సడలించే పలక ఒకటి ఆయన విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా కొండ మీదున్న ప్రయోగశాలలో, తల నెరిసేదాకా తంటాలుపడి తయారుచేశారు. గొట్టంలో తెచ్చిన బురదను ఆ ఇత్తడి పలక కింద మెల్లగా జరుపుతుంటే పొర వెనక పొర కరుగుతుంది, పలక వణుకుతుంది. దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్న మనిషికి ఆనాటి సముద్రం తెలుస్తుంది.

వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ పలక మహా పెంకిది. వెలుతురు సోకితే బురదలోని వణుకంతా చెరిగిపోతుంది గనక చీకటిగదిలోనే పని. ఎక్స్‌రే తీసి చూద్దామన్నా కుదరదు. ఒకసారి కరిగిన పొర మళ్ళీ దేనికీ పనికిరాదు. మీటర్లు తగిలించి చూస్తే హోరు తప్ప ఏమీ రాలేదు. సంతలో ఎంతమంది పిల్లలు ఏడుస్తున్నా తల్లి తన బిడ్డ ఏడుపును గుర్తుపట్టినట్టు, ఆ హోరులోంచి సంగతిని ఏరుకోవడం మనిషి చర్మానికే చేతనైంది. ఆ చర్మాన్నే పలక తినేస్తుంది. చదివేకొద్దీ చేతులు మొద్దుబారతాయి, మొద్దుబారినవి తిరిగి రావు. కనిపెట్టిన మాస్టారి చేతులే ముందు పోయాయి. ఇప్పుడాయన చొక్కా గుండీలు వాళ్ళావిడ పెడుతోంది.

ఆయన తరువాత ఆ పలక ముందు కూర్చున్నది నాగావళి.

నాగావళికి పదేళ్ళప్పుడు చూపు పోయింది, చదువు మాత్రం పోలేదు. ధ్వనిశాస్త్రంలో డాక్టరేటు చేసింది. చీకటిగది మిగతావాళ్ళకు తడుములాట, ఆమెకు మామూలు గది. తండ్రి శ్రీకాకుళంలో తమ ఇంటి వెనక పారే ఏటి పేరు ఆమెకు పెట్టుకుంటే, ఆమె ఆ పక్క ఏటి పేరు తన కూతురికి పెట్టి వంశధార అంది. పిలుపు ధార.

"మీరిద్దరూ ఏర్లేనమ్మా. బురద మోసుకొచ్చి సముద్రంలో పోసే జాతి. నా దగ్గరికి రాక ఇంకెక్కడికి పోతారు" అని మాస్టారు ఏడిపించేవారు.

ధార పుట్టు చెవిటి. ఇరవై ఏళ్ళ పిల్ల, ఇంట్లోనే పెళ్ళి జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తుంది. తండ్రి పోయి చాలా కాలమైంది, ఇంట్లో ఉన్నది ఇద్దరే. తల్లికి కనబడదు, కూతురికి వినబడదు. తల్లి మాట్లాడితే కూతురు పెదవులు చూసి పోల్చుకుంటుంది. కూతురు చెప్పదలచుకున్నది తల్లి అరచేతిలో వేలితో రాస్తుంది. ఫోనులో టైపుచేస్తే ఫోను చదివి వినిపిస్తుంది, నిజమే. బజారు నుంచి ఏం తేవాలో చెప్పుకోవడానికి అది చాలు. కానీ కోపమొచ్చినా నవ్వొచ్చినా ఫోనుకు ఒకటే గొంతు. ధార వేలు అలాంటిది కాదు. అలిగితే పొల్లు గుచ్చినట్టు పెడుతుంది, గారం పోయేటప్పుడు దీర్ఘాన్ని మణికట్టు దాకా లాగుతుంది, అబద్ధమాడేటప్పుడు గబగబా గీకేస్తుంది. నాగావళికి కూతురి గొంతంటే ఆ వేలే.

ఇప్పుడు ఆ గొంతు సన్నగిల్లుతోంది. ఎడమచెయ్యి అప్పుడే పోయింది. కుడి అరచెయ్యి ఒక్కటే ఇంకా పలుకుతోంది, అదీ మునపటంత చురుగ్గా కాదు. ఈ మాట నాగావళి కూతురికి చెప్పలేదు. చెప్పకపోయినా ధారకు ఎప్పుడో తెలిసినట్టుంది. ఈ మధ్య అక్షరాలు పెద్దవిగా, ఆగి ఆగి రాస్తోంది.

రోజూ పొద్దున్నే తల్లికి జడ వేసేది ధారే. ఈ మధ్య జడ అల్లే ముందు మెడ వెనక వేలితో ఏవో గీతలు గీస్తూ ఆటలాడుతోంది.

"చక్కిలిగింతలు పెట్టకే, వేళయిపోతోంది" అని నాగావళి మెడ విదిలించుకునేది. అయినా ధార మానేది కాదు.

ఆ గొట్టాల సంగతి కూడా చెప్పుకోవాలి. మాస్టారి బృందం దక్షిణధ్రువం దగ్గర ఓడ మీదినుంచి సముద్రపు నేలలోకి పొడుగాటి గొట్టం దించి, అడ్డం కొయ్యని చెరుకుగడలా బురదను నిలువునా పైకి లాగి, ఏడు ముక్కలు చేసి తెచ్చారు. అన్నిటికన్నా అడుగుది మొదటి గొట్టం. చదవడం అడుగు నుంచి పైకి, అంటే పాత కాలం నుంచి ఈ కాలానికి.

మొదటి గొట్టం చదివిన రోజు నాగావళి ఎన్నటికీ మరచిపోలేదు. ముందు బరువు తెలిసింది. నేలను నొక్కిపట్టి, తిరగలి తిప్పినట్టు రాళ్ళను పిండి చేస్తున్న కొండంత మంచు. దాని కింద ప్రాణి లేదు, అలికిడి లేదు. ఆ పైన, ఎక్కడో సన్నగా నీళ్ళు చొరబడ్డాయి. రెండో గొట్టంలో మంచు అంచు లేచి వెనక్కి జరిగింది. తేలిపోతున్న మంచుకొండల పొట్టలోంచి రాళ్ళు ఊడి నేల మీద పడ్డాయి. కరిగిన నీళ్ళు మోసుకొచ్చిన ఒండ్రు వేసవిలో జోరుగా, శీతాకాలంలో ఊపిరి పీల్చనంత నెమ్మదిగా దిగింది. పై గొట్టాలకు వచ్చేసరికి నీళ్ళలోకి వెలుతురు వచ్చింది. వెలుతురు సంగతి బురదకేం తెలుస్తుంది? తెలుస్తుంది. వెలుతురుతో బతికే నాచుప్రాణులు చచ్చి, వాటి గాజుపెంకులు జల్లెడలోంచి పిండి రాలినట్టు రాలాయి. చిట్టచివరి గొట్టంలో ఎవరో మూలిగినట్టు ఒక పొడుగాటి వణుకు అరచేతి కిందుగా సాగిపోయింది. తిమింగిలం. నాగావళి చీకట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరూ చూడకుండా, ఎవరూ రాయకుండా, ఇంత కథను ఇంత నిబద్ధంగా దాచిపెట్టిన ఆ బురద అంటే ఆమెకు భక్తి పుట్టింది.

కథలో చిక్కల్లా నాలుగో గొట్టం దగ్గర వచ్చింది. అందులో ముందు గాజుపెంకులు రాలాయి, తరువాత రాళ్ళు పడ్డాయి. అంటే వదిలిపోయిన మంచు తిరిగి వచ్చిందన్నమాట. అదీ ఏ మూడు తరాల కాలంలోనో. కింది గొట్టంతోనూ పై గొట్టంతోనూ అతుకు సరిగ్గా కుదరలేదు గానీ, కోసేటప్పుడు కొసల దగ్గర కాస్త బురద ఎలాగూ పోతుంది గనక ఎవరూ పట్టించుకోలేదు. ప్రయోగశాలంతా పండగ చేసుకుంది. తీరప్రాంతాల జనాన్ని ఎప్పుడు కదిలించాలో తేల్చే కమిటీ ఒకటి ఢిల్లీలో వీళ్ళ మాట కోసమే కాచుకుని ఉంది. మంచు తనంతట తాను తిరిగొస్తుందంటే అంతకన్నా చల్లటి కబురేముంది? సోమవారం నివేదిక పంపించాలి.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో ధార దోసెలపిండి గిన్నె మీది స్టీలు మూత జారవిడిచింది. దబ్బున పడి, ఆ మూత గింగురుమంటూ మోగి, మోగి, సన్నగిల్లి ఆగింది. ధారకు వినబడలేదు, తన పని తాను చేసుకుంటోంది. నాగావళి మాత్రం కూర్చున్నచోటే బిగుసుకుపోయింది. తరువాత తడుముకుంటూ వచ్చి, మూత అందుకుని, మళ్ళీ పడేసింది. ఇంకోసారి పడేసింది. కాళ్ళకింద గచ్చు అదిరి ధార వెనక్కి తిరిగి, తల్లి చెయ్యి పట్టుకుని రాసింది.

"పిచ్చెక్కిందా?"

"దెబ్బ ముందే. మోత తరవాత. కదా?" అంది నాగావళి. "నాలుగో గొట్టంలో మోత ముందొచ్చిందే. పెరిగి పెరిగి, చివర్న దెబ్బ పడింది. ప్రతి రాయీ అంతే."

మర్నాడు ఆమె చెప్పిందంతా మాస్టారు అడ్డుతగలకుండా విన్నారు. విని, తల అడ్డంగా ఊపి, ఆమెకు కనబడదని గుర్తొచ్చి నోరు విప్పారు.

"చాలదమ్మా. మంచుకొండ అడుగు నేలని గీరుకుంటూ వచ్చి ఆగినా అలాగే ఉంటాది. ముందు గీకుడు పెరుగుతాది, చివర దెబ్బ. గొట్టం తలకిందులుగా పెట్టేమని నువ్వంటున్నావు. పై కొసకి ఎర్రరంగు చుక్క ఓడ మీదే పెట్టుకుంటాం కదా."

"ఆ గొట్టం మూత ఇలా ఇవ్వండి మాస్టారూ."

ఇచ్చారు. వేళ్ళతో తెలిసేది తక్కువని ఆమె మూతను ముక్కు దగ్గర పెట్టుకుంది. రంగు వాసన వేసింది. గోరుతో పెళ్ళగించి మళ్ళీ పెట్టుకుంది. రంగు కింద ఇంకో వాసన ఉంది.

"కుంకం మాస్టారూ. పసుపు కలిసిన కుంకం."

దసరాల్లో ఆయుధపూజ రోజున పళ్ళెం పట్టుకుని, శీతలగదితో సహా ప్రయోగశాలంతా తిరిగి, ప్రతి వస్తువుకూ బొట్టు పెట్టడం ఆయనకు సరదా. ఇంకెవరినీ పెట్టనిచ్చేవారు కాదు. అరలో గొట్టాల కొసలు ఏది బయటికుంటే దానికే పెట్టుకుంటూ పోయారు. నాలుగో గొట్టం అరలో ఎటు తిరిగి ఉందో చూడలేదు. శీతలగదిలో ఓడ మీద వేసిన రంగు పొట్టులా రాలిపోయింది, బొట్టు మిగిలింది. పాలిపోయిన ఆ ఎరుపు మీదే తరువాత ఎవరో శ్రద్ధగా కొత్త రంగు వేశారు.

"పెట్టింది నేనే. అయినా ఇది అనుమానమేనమ్మా, రుజువు కాదు" అన్నారాయన చివరికి.

రుజువు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. నాలుగో గొట్టంలో, గాజుపెంకులు పోయి రాళ్ళు మొదలయ్యే చోట, చదవకుండా జానెడు బురద మిగిలి ఉంది. దాన్ని బొట్టు లేని కొస నుంచి కాకుండా బొట్టున్న కొస నుంచి, పలకను అతి నెమ్మదిగా నడిపి చదవాలి. రాయి పడితే కొంత బురద లేచి, మళ్ళీ నెమ్మదిగా కిందకు దిగుతుంది. మంచుకొండ గీరితే అలా దిగడం ఉండదు. ఆ దిగడం అరచేతికి అందితే ఇక తిరుగులేదు. కానీ పలకను ఎంత నెమ్మదిగా నడిపితే చేతికి అంత దెబ్బ.

"వద్దు. సందేహమని రాసి పంపించేద్దాం" అన్నారు మాస్టారు.

"సందేహమని రాస్తే వాళ్ళకి కావలసిన సగం వాళ్ళు తీసుకుంటారు. మీకు తెలీదా?"

"నీ చెయ్యి పోతే ఆ పిల్ల మాట నీకెలాగమ్మా?"

నాగావళి ఇంటికి పోయి ధారను తన ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెదవులు బాగా కనబడేలా, ఒక్కో మాటా విడమరిచి మొత్తం చెప్పింది. ధార చెయ్యి వదిలేసి మగ్గం దగ్గరకు పోయింది. బిగించిన బట్టలోంచి సూది టక్కుటక్కుమని దిగే చప్పుడు చాలాసేపు వినబడింది. తరువాత వచ్చి, అరచెయ్యంతా నిండేలా రాసింది.

"ఎవరి కోసం?"

"పల్లంలో ఉన్న ఊళ్ళవాళ్ళు మా మాట నమ్ముకుని కూర్చుంటారు కదే" అంది నాగావళి. ఆ తరువాత అసలు మాట చెప్పింది. "ఆ బురద అన్ని వేల ఏళ్ళు నిజాన్ని పట్టుకుని కూర్చుంది. దాన్ని తలకిందులు చేసి అబద్ధమాడించింది మేము. అది నాకు మింగుడుపడటం లేదు."

ధార చిన్నగా రాసింది. "మరి నా మాట?"

నాగావళి ఏడ్చింది. కూతురిని దగ్గరకు తీసుకుందామంటే అది లేచి అవతలికి పోయింది.

ఆదివారం పొద్దున ధార ఎప్పటికన్నా ఎక్కువసేపు జడ వేసింది. మెడ వెనక ఆ గీతలాట కూడా ఎప్పటికన్నా ఎక్కువసేపే ఆడింది. ఈసారి నాగావళి వద్దనలేదు. ప్రయోగశాల గేటు దగ్గర ధార తల్లి చేతిలో ఒకే మాట రాసింది. "వెళ్ళు." అందులో ఉన్నది కోపమో, గారమో నాగావళికి తెలియలేదు. వేలు అంత స్పష్టంగా అందడం లేదు.

చీకటిగదిలో మాస్టారు బురదను బొట్టున్న కొస ముందుండేలా పెట్టి, మీట తిప్పారు. నాగావళి కుడి అరచెయ్యి ఆనించింది. మొదట ఏమీ లేదు. తరువాత మోచేతి దాకా జివ్వున లాగింది. అదిగో, ఎముకలో గుచ్చినట్టు, దెబ్బ. దెబ్బ తరువాత మోత, సన్నబడుతూ, సన్నబడుతూ. మోత ఆగిన చోట, ఉందా లేదా అన్నంత మెత్తగా, లేచిన బురద దిగుతోంది. రాత్రి కురిసే సన్నమంచులా, ఏమీ తొందర లేకుండా, రేణువు మీద రేణువు. ఏ ఓడా లేని, ఏ మనిషీ లేని సముద్రంలో ఒక్క రాయి పడితే లేచిన ధూళి అది. అంత చిన్న సంగతిని కూడా ఆ నేల పోగొట్టుకోలేదు. మరో రాయి. మళ్ళీ దెబ్బ, మోత, దిగడం. ఆ పైన గాజుపెంకులు రాలడం మొదలైంది.

"రాళ్ళే మాస్టారూ. బొట్టు పెట్టిన కొస అడుగుది. మంచు ఒకసారే పోయింది. తిరిగి రాలేదు."

గాజుపెంకులు రాలుతున్నాయి, పలచగా, ఇంకా పలచగా. ఎంత అందంగా ఉందో చెబుదామని ఆమె అనుకుంటుండగానే అంతా నిలిచిపోయింది.

"మీట ఆపేశారా మాస్టారూ?"

"లేదమ్మా," అన్నారాయన మెల్లగా. "ఇంకా నడుస్తోంది."

ఆ మధ్యాహ్నమే మాస్టారు ఢిల్లీకి ఫోను చేశారు. బొట్టు సంగతి దాచలేదు. అవతల ఎవరో నవ్వారు. "నవ్వండి బాబూ, నాకు అలవాటే" అన్నారాయన. "కానీ రాసుకోండి. పోయిన మంచు మూడు తరాల్లో పోయింది. తిరిగి రాలేదు. బురద ఆ మాట ముందునుంచీ చెబుతూనే ఉంది, మేమే తిరగేసి విన్నాం. మీ ఊళ్ళని ఇప్పుడే కదపండి." ఫోను పెట్టేసి, పనికిరాని తన రెండు చేతుల మధ్య నాగావళి చేతిని పెట్టుకుని కూర్చున్నారు. ఆ స్పర్శ ఆయనకూ తెలియలేదు, ఆమెకూ తెలియలేదు. ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నారని మాత్రం గొంతులో తెలిసింది.

ధార బయట, సముద్రం వైపున్న బల్ల దగ్గర కాచుకుని ఉంది. నాగావళి వచ్చి కూర్చోగానే పక్కన బట్టల అలికిడి అయింది. తన మోచెయ్యి కదిలింది గనక, ధార తన చెయ్యి అందుకుందని పోల్చుకుంది.

"రాస్తున్నావా ధారా?" అంది. "రాస్తుంటే ఆపెయ్యి. నాకు తెలీటంలేదు."

మోచెయ్యి మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. కింద సముద్రం హోరు తప్ప ఇంకేమీ లేదు. ఇకమీదట ఇంతేనని నాగావళి అనుకుంది. ఇంట్లో ఫోను చదివే మాటలు, ఆ ఒకటే గొంతు.

ధార లేచి బల్ల వెనక్కి వచ్చింది. జడను పక్కకు తప్పించింది. మెడ వెనక వేలు ఆనింది. పొద్దుటి ఆటే. ఇప్పుడేం ఆటలే అనబోయి నాగావళి ఆగిపోయింది. ఆ గీతలు ఆమెకు తెలుసు. ఒక గుండ్రం, ఒక మెలిక, కింద ఇంకొకటి, చివర్న పక్కకు పోయే పొడుగాటి గీత. నెలల తరబడి పొద్దున్నే అదే చోట, అదే మాట. ఆమె పట్టించుకోకపోయినా మెడ మీది చర్మం నేర్చుకుని పెట్టుకుంది.

"అమ్మా."

వేలు ఆగింది. కొంచెం కిందుగా మళ్ళీ మొదలెట్టింది. ఈసారి కొత్త మాట. తడబడుతూ, అయినా ఒక్కో అక్షరమూ అందుతోంది. చివరి దీర్ఘాన్ని ధార వీపు దాకా లాగింది, గారం పోయేటప్పుడు లాగినట్టే.

"వినబడుతోందా?"

"వినబడుతోంది," అంది నాగావళి. ధార వెనక ఉందని, తన పెదవులు దానికి కనబడవని అప్పుడు గుర్తొచ్చి, మొహం వెనక్కి తిప్పి మళ్ళీ చెప్పింది.